ముందు మంచినీళ్ళు

ఆ శనివారాన్ని అనాని రెండు ముక్కలుగా కోసి పెట్టుకున్నాడు. పొద్దుటి ముక్క తోటకి, సాయంత్రం ముక్క కూతురికి. ఎనిమిదింటికి రాజధాని లోమే నుంచి పోస్టాఫీసు పింఛనుదార్ల సంఘం వాళ్ళు కాఫీ, కోకో తోటలు చూడడానికి వస్తారు. పూట యాత్ర. పన్నెండింటికల్లా వాళ్ళని బస్సెక్కించేస్తే స్నానం చేసి, ఓ కునుకు తీసి, నాలుగింటికి పెళ్ళివారి ముందు పెద్దమనిషిలా కూర్చోవచ్చు. కునుక్కి కూడా అరగంట కేటాయించుకున్నాడంటే అతని ముందుచూపు ఎంతటిదో తెలుస్తూనే ఉంది.

కూతురు ఎన్యోనామ్ బట్టలు కుట్టే దుకాణం నడుపుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళది. అవతలి కొండ మీది బడిపంతులు సెలోమ్‌ని తనే ఇష్టపడింది. ఇవాళ కుర్రాడు రాడు. అతని పెద్దలు రెండు జిన్ను సీసాలతో వచ్చి తలుపు తడతారు. పిల్లనడిగి ఇంటివాళ్ళు సీసా మూత తీస్తే సంబంధం ఖాయం. తియ్యకపోతే సీసాలు వచ్చిన దారినే వెళ్ళిపోతాయి. రెండేళ్ళ కిందట ఒక సంబంధం అలాగే వెళ్ళిపోయింది. కోకో గింజలు చాప మీద ఆరబెట్టాలా, గచ్చు మీదా అన్న వాదనలో అనాని కాబోయే వియ్యంకుణ్ణి సోమరిపోతు అన్నాడు.

"ఒరేయ్, ఇవాళ నువ్వు నోరు తెరిచేది ముద్ద పెట్టుకోడానికే," అంది అతని అక్క అబ్లా, ఫుఫు ముద్దకని యామ్ దుంపల తొక్క తీస్తూ. అనాని భార్య పోయిన ఐదేళ్ళుగా ఆ ఇల్లు ఆవిడ చేతిమీదే నడుస్తోంది.

ఎన్యోనామ్ మాత్రం తండ్రి భుజం మీద గుడ్డ సరిచేస్తూ మెల్లగా చెప్పింది. "నాన్నా, సెలోమ్ వాళ్ళ పెదనాన్న డోత్సే గారు బాగా పట్టింపుల మనిషంట. ఆయనేమన్నా పడు. నాకోసం."

"పడతాలే తల్లీ," అన్నాడు అనాని. వాళ్ళమ్మ కూడా సరిగ్గా అలాగే గుడ్డ సరిచేసేది. అది గుర్తొచ్చి గబగబా తోటకి బయల్దేరాడు.

ఆ తోట అతని తండ్రి వేసింది. చుట్టుపక్కల వాళ్ళంతా కాఫీ కొట్టేసి టేకు పెట్టుకున్నారు. చూడడానికి జనం వస్తున్నంత కాలం తన చెట్లని కొట్టెయ్యమనే ధైర్యం ఎవరికీ ఉండదన్న ఆశతోనే అనాని ఈ యాత్రలకి ఒప్పుకున్నాడు. యాత్రలు నడిపే కోమి క్పాలిమే పట్నం వాడు, చురుకైనవాడు. అతను రెండే రెండు నియమాలు పెట్టాడు. "మావయ్యా, పలకరింపులతో పొద్దు పుచ్చకు. వాళ్ళకున్నది ఒక్క పూట. రెండోది, వాళ్ళకేమీ తెలీదనుకుని మొదట్నించీ చెప్పు, పని వాళ్ళ చేతే చేయించు. పట్నం వాళ్ళకి అదే సరదా."

మొదటి నియమం అనానికి గొంతులో ముల్లులా ఉండేది. అతని తండ్రి హయాంలో గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు పీట, తర్వాత మంచినీళ్ళు, అందులో నాలుగు చుక్కలు నేల మీద పెద్దలకి. ఆ తర్వాత వాళ్ళ ఇల్లు, పిల్లలు, మేకలు, వానలు, కీళ్ళనొప్పులు, అన్నీ వరసగా అడిగి, జవాబులన్నీ విని, అప్పుడు మాత్రమే "ఏ పని మీద వచ్చారు?" అనేవాడు. అది అడిగేదాకా వచ్చినవాడు పని చెప్పకూడదు. ఒకసారి పక్కింట్లో పొయ్యి అంటుకుందని చెప్పడానికి వచ్చినవాణ్ణి కూడా తండ్రి మేకల దాకా అడిగాడు. పొయ్యి ఆరిపోయింది గాని మర్యాద తప్పలేదు.

పావుతక్కువ ఎనిమిదికి తోట దగ్గర మలుపులో ఒక వ్యాను ఆగింది. తొమ్మిదిమంది దిగారు. అందరివీ ఒకే నీలం బట్టలు. "అందరూ ఒకే గుడ్డ కట్టుకొస్తారు, గుర్తుపట్టడం తేలిక," అని కోమి చెప్పే ఉన్నాడు. ఇబ్బందల్లా ఏమిటంటే మర్యాదైన పని మీద బయల్దేరే ఏ గుంపైనా ఆ ప్రాంతంలో ఒకే గుడ్డ కట్టుకుంటుంది. పోస్టాఫీసు వాళ్ళ బస్సు ఆ సమయానికి దారిలో టైరు పేలి ఆగిపోయి ఉంది. దిగినవాళ్ళు పెళ్ళివారు. వ్యానువాడికి మధ్యాహ్నం ఇంకో బేరం తగలడంతో పొద్దున్నే వచ్చేశారు.

చేతికర్రతో ముందు నిలబడ్డ పొడుగాటి ముసలాయన డోత్సే. అనాని ఆయన్ని ఎప్పుడూ చూసి ఉండలేదు.

"వోయెజో, వోయెజో," అని అనాని స్వాగతం చెప్పి అక్కడితో ఆపాడు. డోత్సే మంచినీళ్ళ కోసం ఆగాడు. రాలేదు. ఇల్లూ పిల్లల సంగతి అడుగుతాడేమోనని ఆగాడు. అడగలేదు. చివరికి అనాని ఆయన చేతిలో ఒక బుట్ట పెట్టి, "నడుంకి కట్టుకోండి, మన దగ్గర టైం తక్కువ," అన్నాడు.

తోటలో మొదటి చెట్టు కింద ఆగి అనాని పాఠం మొదలుపెట్టాడు. "ఇదుగో, దీన్ని కోకో అంటారు."

మూడు తరాలుగా కోకో తప్ప ఇంకోటి ఎరగని ఇంట్లో పుట్టిన డోత్సే కాయని చూశాడు, అనానిని చూశాడు. "అలాగా," అన్నాడు.

"మీరు డబ్బాల్లో పొడే చూసుంటారు. ఇది చెట్టుకి కాస్తుంది."

"చెట్టుకా," అన్నాడు డోత్సే.

వెనకనుంచి ఆయన చెల్లెలు యావా గొణిగింది. "అన్నయ్యా, గుక్కెడు నీళ్ళివ్వలేదు. ఏ పని మీదొచ్చారని అడగలేదు. మనం పిల్లనడగడానికొచ్చామా, కూలికొచ్చామా?"

"ఊరుకో. తాతయ్య నానమ్మనడగడానికి వెళ్తే మూడు వానాకాలాలు వాళ్ళ పొలం తవ్వించారు. పెళ్ళివారి నడుములు పరీక్షించడం పాత పద్ధతి. ఈ రోజుల్లో కూడా పాటించే ఇల్లుందని నాకు తెలీదు. బుట్ట కట్టుకో."

తొమ్మిదిమందీ కాఫీ పళ్ళు కోశారు. ఎర్రచీమలు వాళ్ళని కోశాయి. పెళ్ళికని కొత్తగా కుట్టించుకున్న నీలం గుడ్డలు ముళ్ళకి తగులుకున్నాయి. "పచ్చివి వద్దమ్మా, ఎర్రవే," అని అనాని యావా బుట్టలోంచి రెండు కాయలు తీసి పారేశాడు. అవి కొంచెం ఎర్రగానే ఉన్నాయని యావా అభిప్రాయం, కాని అన్న మొహం చూసి మింగేసింది.

కోకో కాయలు కొట్టే చోట డోత్సే కత్తి అందుకుని, గింజకి గాటు పడకుండా ఒక్క దెబ్బకి ఒక కాయ చొప్పున ఇరవై కాయలు పగలగొట్టాడు. పోస్టాఫీసు మనిషికి చెయ్యి బాగానే తిరిగిందే అని అనాని ఆశ్చర్యపోయాడు. అక్కడితో ఆగితే బాగుండేది. డోత్సే అరటాకుల కింద పులుస్తున్న గింజల కుప్ప దగ్గరికెళ్ళి వాసన చూశాడు.

"ఒక రోజు ఆలస్యంగా తిరగేశారు," అన్నాడు.

అనాని చెవులు వేడెక్కాయి. పడతానని కూతురికి మాటిచ్చింది పెళ్ళివారి విషయంలో. ఊళ్ళో వాళ్ళందరి మాటా పడతానని కాదు. "ఉత్తరాల మీద ముద్రలేసుకునే చేతులకి కోకో వాసనేం తెలుస్తుందండీ?" అన్నాడు.

డోత్సేకి ఉత్తరాల సంగతి అర్థం కాలేదు. వియ్యాలవారి ఎత్తిపొడుపుల్లో అర్థం వెతకడమెందుకని ఊరుకుని, కుప్పలోంచి ఒక గింజ తీసి, బొటనవేలి గోటితో చీల్చి చూపించాడు. పులిసి గోధుమరంగుకి తిరగాల్సిన గింజ లోపల ఇంకా ఊదాగానే ఉంది. ఆయన మాట నిజమే.

అనాని చాలాసేపు ఆ గింజనే చూశాడు. "మా నాన్న కూడా ఇలాగే గోటితో చీల్చేవాడు," అన్నాడు చివరికి. "ఊదాగా కనబడితే నాతో ఒక పూట మాట్లాడేవాడు కాదు."

"మా నాన్న మాట్లాడేవాడు," అన్నాడు డోత్సే. "మాట్లాడకపోతేనే బాగుండేది."

ఇద్దరూ కుప్ప పక్కనే దుంగ మీద కూర్చున్నారు. యావా వ్యానులోంచి తెప్పించి పక్కన పెట్టుకున్న బుట్టలో రెండు సీసాలు అనాని కంటబడ్డాయి. ఇంటి పెద్దకి సీసా తీసుకెళ్ళడం మర్యాదని కోమి యాత్రికులకి ముందే చెప్పి పంపుతాడు. పోస్టాఫీసు వాళ్ళు మర్యాదస్తులేనని మురిసిపోయి అనాని ఒక సీసా తీసి టక్కున మూత విప్పాడు. తండ్రి పేరు చెప్పి నేల మీద కొంచెం పోసి, ఇంకొంచెం గ్లాసులో పోసుకుని తాగాడు.

పెళ్ళివారందరూ ఊపిరి బిగబట్టారు. పిల్లనడగకుండా, ఒక్క షరతు పెట్టకుండా మూత తీసిన ఇల్లు వాళ్ళు వినీ ఎరగరు. ఆడవాళ్ళు నలుగురూ ఒక్కసారి కూత పెట్టి చప్పట్లు కొట్టారు. యావా చీమకాట్లు మరిచిపోయి రెండడుగులు ఆడింది కూడా. లోమే ఆడవాళ్ళకి జిన్నంటే ఇంత ఇష్టమా అని అనాని మనసులో కొంచెం నొచ్చుకున్నాడు.

ఇక మిగిలింది కాఫీ. ఇనప మూకుట్లో గింజలు నల్లగా వేయించి, రోట్లో దంచి, మరుగుతున్న నీళ్ళలో ఒక అల్లం ముక్క చితక్కొట్టి వేశాడు. అల్లం అతని భార్య అలవాటు. కోమి పాఠంలో లేదు. డోత్సే ఒక గుక్క తాగి కప్పు దించాడు.

"మా అమ్మ వేసేది అల్లం," అన్నాడు. "చీకటితో లేచి, కాఫీ బస్తాలు నెత్తినెట్టుకుని క్పాలిమే సంతకి దిగేవాళ్ళం. బయల్దేరే ముందు ఇదే ఇచ్చేది. ఆవిడ పోయాక మా ఇంట్లో కూడా డబ్బా పొడే. ఇంకో కప్పుందా?"

"కుండెడుంది," అన్నాడు అనాని. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. పొగవల్ల అని చెప్పుకున్నాడు. పన్నెండవుతున్నా వీళ్ళని పంపెయ్యాలనిపించలేదు. ఇలాంటి మనిషి వియ్యంకుడైతే ఎంత బాగుండును, ఈ సాయంత్రం వచ్చే పట్టింపుల మనిషి ఎలాంటివాడో ఏమిటో అనుకున్నాడు.

కాని కోమి ఇచ్చిన కాగితం నింపించాలి. డోత్సే మూడో కప్పు తాగుతూ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. మళ్ళీ పైనుంచి చదివాడు. అనానిని ఒకసారి చూసి, నిదానంగా రాసి ఇచ్చాడు. "మీరు వచ్చిన పని సంతృప్తిగా జరిగిందా?" అన్న ప్రశ్న కింద ఇలా ఉంది. "మేము వచ్చిన పని ఇంకా ఎవరూ అడగలేదు. అమ్మాయిని ఇంకా చూపించలేదు."

అమ్మాయేమిటి? అనాని రక్తం ఉడికిపోయింది. పింఛను పుచ్చుకునే వయసులో ఇవేం బుద్ధులని అడగబోతుండగా గుడ్డ మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని అబ్లా పరిగెత్తుకొచ్చింది.

"ఎక్కడ చచ్చావురా? నాలుగింటికి రావాల్సిన పెళ్ళివాళ్ళు వచ్చేసి గంటన్నరైంది. ఫుఫు రెండుసార్లు దంచాం. సీసాలు కూడా పెట్టారు. పిల్లని పిలిచి, వీళ్ళు తెలుసా, మూత తియ్యమంటావా అంటే, వీళ్ళెవరో నాకు తెలీదంటోంది. మూడుసార్లడిగాను, మూడుసార్లూ అదే మాట. వాళ్ళ పెద్దావిడేమో తోటెక్కడ, తోటెక్కడ అని నన్ను తినేస్తోంది. పిల్లతో పాటు తోట కూడా అడుగుతారు కాబోలు. ఇక్కడ వీళ్ళెవరు, నీ పోస్టాఫీసు వాళ్ళా?"

అనాని అక్కని చూశాడు. నీలం గుడ్డల్ని చూశాడు. మూత తీసిన సీసాని చూశాడు. ఎర్రచీమలు, నడుంకి కట్టించిన బుట్టలు, ముద్రలేసే చేతులు అన్నీ ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. పొద్దున్న కూతురన్న మాట అన్నిటికన్నా గట్టిగా వినబడింది.

తండ్రి చేసే పని చేశాడు. కుండలోంచి సొరబుర్రనిండా నీళ్ళు ముంచి, రెండు చేతులతో పట్టుకుని డోత్సే ముందు వంగాడు.

"వోయెజో," అన్నాడు. "ఇంట్లో అందరూ బాగున్నారా?"

"బాగున్నారు," అన్నాడు డోత్సే, నాలుగు చుక్కలు నేల మీద వదిలి.

"పిల్లలు?"

"బాగున్నారు."

"మేకలు?"

"ఒకటి కుంటుతోంది. మిగతావి బాగున్నాయి."

వానలూ అడిగాడు, కీళ్ళూ అడిగాడు. అబ్లా నోరు తెరవబోయి, తమ్ముడి మొహం చూసి మూసుకుంది. అంతా అయ్యాక అనాని పొద్దుటినుంచీ అడగని మాట అడిగాడు. "ఏ పని మీద వచ్చారు?"

డోత్సే లేచి నిలబడ్డాడు. "మీ పెరట్లో ఒక పువ్వుందని విన్నాం. మా సెలోమ్ కోసం అడగడానికొచ్చాం."

"నేను మిమ్మల్ని పోస్టాఫీసు వాళ్ళనుకున్నానండీ," అన్నాడు అనాని. ఇక దాచడానికి ఏమీ లేదు. "పరీక్షా కాదు, పద్ధతీ కాదు. తప్పు నాది. పిల్ల మీద పెట్టుకోకండి."

"కాగితం పైన పూట యాత్ర అని రాసుంది కదా, నాకు చదువొచ్చు," అన్నాడు డోత్సే. "అప్పటికి మూడో కప్పులో ఉన్నాను. ఒక మాట చెప్పనా? అనాని ఇంట్లో మర్యాదలు పోయాయి, పట్నం వాళ్ళకి తోట చూపించి బతుకుతున్నారు అని విని, ఈ సీసాలు మూత తియ్యకుండా వెనక్కి తెస్తానని మావాళ్ళతో చెప్పి మరీ బయల్దేరాను. మూత మీరే తీశారు. తీసిన మూత మళ్ళీ పెట్టడం మా ఇంట్లో లేదు. మీ ఇంట్లో ఉందా?"

"లేదు బావగారూ," అన్నాడు అనాని.

ఇంటి దగ్గర పందొమ్మిదిమంది పోస్టాఫీసు వాళ్ళు ఆకుపచ్చ గుడ్డల్లో కూర్చుని, తమకి సంబంధం లేని పెళ్ళికూతురు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక చూస్తున్నారు. ఎన్యోనామ్ నీలం గుడ్డల వాళ్ళని చూసింది. ఫోటోలో చూసిన డోత్సేని గుర్తుపట్టింది. "వీళ్ళు తెలుసు," అంది అబ్లా అడక్కముందే. "మూత తియ్యండి."

"మీ నాన్న తీసేశాడమ్మా," అన్నాడు డోత్సే. "తాగేశాడు కూడా."

రెండు సీసాలూ అందరికీ సరిపోలేదు గనక పోస్టాఫీసు వాళ్ళ సీసాలు కూడా తెరిచారు. కోమి భోజనం పొట్లాలతో వచ్చేసరికి సాయంత్రమైంది. యాత్రికుల కాగితాలన్నిటి మీదా దాదాపు ఒకటే రాసి ఉంది. కాఫీ చెట్టు ఒక్కటీ చూడలేదు, పెళ్ళిమాటలు బాగా జరిగాయి, మళ్ళీ వస్తాం.

వాళ్ళు మళ్ళీ వచ్చారు, వేరేవాళ్ళూ వచ్చారు. అనాని తోటలో కాఫీ చెట్లు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు బస్సు దిగిన ప్రతివాడికీ ముందు పీట, తర్వాత మంచినీళ్ళు, తర్వాత లోమేలో లేని మేకలు ఎలా ఉన్నాయన్న ప్రశ్న. ఆదివారాలు డోత్సే కూడా కొండ దిగి వచ్చి పక్కన కూర్చుని కీళ్ళ సంగతి అడుగుతాడు. కోమి కాగితం మీద ఇప్పటికీ "పూట యాత్ర" అనే ఉంది. ఎన్నింటికి ముగుస్తుందో మాత్రం రాయడం మానేశాడు.