అల్లుళ్ళ షష్ఠి నాడు టెస్టరు వెలిగింది

ఆ రోజు నిమాయ్ మైతి వేసుకున్న పథకంలో వేలెత్తి చూపించడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి శ్యాంబజార్‌లో సాన్యాల్ మాస్టారింట్లో పాత టీవీ కేబులు పీకేసి కొత్తది వేయడం, పదింబావుకల్లా సంచీ సర్దుకోవడం, బస్సులో హౌరా, హౌరా నుంచి రైల్లో శ్రీరాంపూర్, పన్నెండు కొట్టేలోపు అత్తగారింట్లో పీట మీద కూర్చోవడం. ఇంతే.

అది అల్లుళ్ళ షష్ఠి. ఆ రోజు బెంగాలీ అత్తగారు పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టదు. షష్ఠి ఘడియలు దాటకుండా అల్లుడి నుదుట పెరుగు బొట్టు పెట్టి, మణికట్టుకి పసుపు దారం కట్టి, తాటాకు విసనకర్రతో విసిరి, కంచం నింపి, అప్పుడు తను తింటుంది. అల్లుడు చెయ్యాల్సిందల్లా వేళకి రావడం. పోయినేడాది నిమాయ్ ఆ ఒక్కటీ చెయ్యలేకపోయాడు. ఎవరింట్లోనో సిగ్నలు వీసమెత్తు తగ్గిందని, వేసిన కేబులంతా విప్పి మళ్ళీ వేసి, సాయంత్రం నాలుగింటికి చేరాడు. అప్పటికి అత్తగారు బీణాపాణి వంటింటి గడప మీద కళ్ళు తిరిగి పడిపోయి ఉంది. లేచి కూర్చున్నాక ఆవిడ అన్నది ఒకే మాట: "ఆ అబ్బాయికి మనుషులకంటే తీగలే దగ్గర." అంతే, ఏడాదిగా అల్లుడితో మాటల్లేవు.

భార్య ఝుంపా ముందురోజే పుట్టింటికి వెళ్ళింది. పొద్దున్నే ఫోను చేసింది.

"అమ్మ పంచాంగం ప్రకారం షష్ఠి పన్నెండూ ఇరవై దాకానే ఉంది. ఈసారి కూడా ఆలస్యమైతే ఇక రావద్దు. నేనూ రాను."

"పదకొండున్నరకే ఉంటాగా!"

"ఇంకోటి. అమ్మ టీవీలో బొమ్మ రావడం లేదు."

"వచ్చాక నేనే చూస్తాలే."

"పండగపూట కూడా తీగేనా? నువ్వు మారవు," అని ఫోను పెట్టేసింది.

మారని మాట నిజమే. నిమాయ్ పనిలో చాదస్తుడు. సాటివాళ్ళు దంతాలతో కేబులు తోలు ఊడబెరికి, టేపు చుట్టి, చేతులు దులుపుకుని పోతుంటే, ఇతను టెస్టరు ఆనించకుండా ఏ తీగనీ ముట్టుకోడు. ఆఫీసులో అందరూ అతన్ని టెస్టర్ బాబా అంటారు. అతను అదేదో బిరుదనుకుని మురిసిపోతాడు.

సాన్యాల్ మాస్టారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన భార్య నీహారబాల తలుపు తీస్తూనే మొదలుపెట్టింది.

"రా నాయనా, రా. మా అల్లుడు శుభంకర్ ఇవాళ రైల్లో వస్తున్నాడు. క్రికెట్ చూడకపోతే వాడికి ముద్ద దిగదు. పోయినేడు మా టీవీలో అంతా చుక్కలే. కంచం ముందునుంచి లేచి పక్కింటికి పోయాడు. నా పులస చేప చల్లారిపోయింది. ఈసారి అలా జరిగితే నేను బతకను."

"అరగంటలో అయిపోతుంది మాసీమా," అన్నాడు నిమాయ్, పిన్నీ అని పిలిచే వరసలో. పాపం, నిజంగానే అనుకున్నాడు.

వరండాలో కిటికీ పక్కనుంచి వచ్చే పాత నల్ల కేబులు టీవీ వెనకాల వేలాడుతోంది. నిమాయ్ అలవాటుగా దాని చివరనున్న ఇత్తడి బిరడాకి టెస్టరు ఆనించాడు. టెస్టర్లో ఎర్ర దీపం వెలిగింది.

నిమాయ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ వెలిగింది.

"మాస్టారూ, కేబుల్లోకి కరెంటు వస్తోంది."

మాస్టారు పేపరు దించారు. "కరెంటు ఉంటేనే కదయ్యా టీవీ పనిచేసేది?"

"అది టీవీ ప్లగ్గులో ఉండాలండీ, కేబుల్లో ఉండకూడదు. ముట్టుకుంటే ప్రాణం పోతుంది. మెయిను ఆపాలి."

"మెయినా? అరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను. ఇంతవరకూ ఒక్క తీగా నన్ను ఏమీ అనలేదు."

"ఇవాళ అంటుందండీ."

నీహారబాల వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "మెయిను ఆపుతారా! ఫ్రిజ్‌లో పెరుగుంది, మామిడిపళ్ళున్నాయి, సందేశ్ మిఠాయి ఉంది. అన్నీ పాడైపోవూ?"

"ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంచితే ఏమీ కావు మాసీమా. మీ అల్లుడు వచ్చి ఛానెల్ రాలేదని ఈ తీగని కదిలిస్తే మాత్రం..."

ఆ మాటకి నీహారబాల ముఖం తెల్లబోయింది. "ఏమండీ, ఆపండి ముందు!" అని అరిచింది. మాస్టారు వెళ్ళి, కొత్త అల్లుడికి ఆస్తి రాసిస్తున్నంత అయిష్టంగా మెయిను దించారు.

కిటికీలు తక్కువైన ఆ పాత ఇల్లు పగలే చీకటయింది. నిమాయ్ మళ్ళీ టెస్టరు ఆనించాడు. దీపం వెలగలేదు. అంటే దొంగ ఈ ఇంట్లోనే ఉన్నాడు. టార్చి తీసుకుని కేబులు వెంట గోడ పట్టుకుని బయల్దేరాడు. ఆ కేబులు తిన్నగా పోతే కథే లేకపోను. అది బీరువా వెనక దూరి, దేవుడి గూటి కింద పాకి, ముప్ఫై ఏళ్ళ వార్తాపత్రికల కట్టల వెనక మాయమైంది. కట్టలన్నీ జరపాలి. జరపబోతే మాస్టారు, "జాగ్రత్త, తేదీల వారీగా ఉన్నాయి!" అని వెంటపడ్డారు. ఒక్కో కట్ట తీసి, ఆయన చెప్పిన చోట, చెప్పిన వరసలో పెట్టేసరికి పది దాటింది.

అప్పుడు మెట్ల మీద ధబధబా చప్పుడు. కింద సెలూను నడిపే గోపేన్ వచ్చాడు. అతని దుకాణానికి కరెంటు ఈ మెయిను మీదనుంచే వెళుతుంది.

"మాస్టారూ, ఏంటండీ ఈ ఘోరం? షష్ఠి నాడు అల్లుళ్ళందరూ నా షాపులోనే ఉన్నారు. మిషను మధ్యలో ఆగిపోయింది. ఒకాయనకి తల సగం అయింది. కుడివైపు గుండు, ఎడమవైపు అడవి!"

"కత్తెరతో కానివ్వవోయ్."

"మిషను కొట్టినచోట కత్తెరతో ఏం చెయ్యను? అతకనా? ఆయన అత్తారింటికి వెళ్ళాలట. తువ్వాలు తలమీద కప్పుకుని మూలన కూర్చున్నాడు. గొంతు కూడా పెగలడం లేదు పాపం."

"ఓ పది నిమిషాలు," అన్నాడు నిమాయ్ బీరువా వెనకనుంచి.

"కరెంటు పోయి అరగంట దాటింది, ఇంకా పది నిమిషాలా!" అంటూ గోపేన్ దిగిపోయాడు. వీధి మొదట్లో టీకొట్టు దాకా వార్త పాకింది. మాస్టారింట్లో కరెంటు కొట్టి ఎవరో పోయారట అని ఒకడు పలకరించడానికి వచ్చాడు కూడా. పోయినవాడు తను కాదని రుజువు చెయ్యడానికి మాస్టారు బాల్కనీలో నిలబడాల్సి వచ్చింది.

పదిన్నరకి నీహారబాల పంచాంగం పట్టుకుని వచ్చింది. బెంగాలులో పంచాంగాలు రెండు, ఆ రెండింటికీ పడదు. నీహారబాల నమ్మిన పంచాంగంలో షష్ఠి పదీ నలభై రెండుకే అయిపోతోంది.

"అల్లుడేడీ? ఫోను చెయ్యండి!"

మాస్టారు చేశారు. అవతలనుంచి గుసగుసగా జవాబొచ్చింది. "మామయ్యగారూ, రైలు ఆగిపోయింది. బర్ధమాన్ దగ్గర."

నీహారబాల కుర్చీలో కూలబడింది. "అయిపోయింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఒక్క షష్ఠి తప్పలేదు. పన్నెండు నిమిషాలు! పన్నెండు నిమిషాల్లో బర్ధమాన్ నుంచి ఎలా వస్తాడు?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో ఆ కళ్ళు బీరువా వెనకనుంచి బూజుతో బయటికొస్తున్న నిమాయ్ మీద పడ్డాయి.

"నీకు పెళ్ళయిందా నాయనా?"

"అయిందండీ."

"అత్తగారున్నారా?"

"ఉన్నారండీ. మాట్లాడరు."

"అయితే నువ్వూ ఒకరి అల్లుడివేగా. కూర్చో!"

"మాసీమా, నా అత్తగారు నా కోసం..."

"ఆవిడ నీకు కడుతుంది. నేను మా వాడి పేరుమీద నీకు కడతాను. షష్ఠీదేవికి అల్లుడు కావాలి గానీ రేషను కార్డు అక్కర్లేదు. కూర్చోమన్నానా!"

అత్తగారి వయసున్న మనిషి, ఉపవాసం మీదుంది, ఏడుస్తోంది. ఎవరు మాత్రం కాదంటారు? పదీ నలభైకి టార్చి వెలుగులో నిమాయ్ నుదుట పెరుగు బొట్టు పడింది. మణికట్టుకి పసుపు దారం మూడు ముళ్ళతో పడింది. విసనకర్ర గాలికి బూజంతా ఎగిరి మాస్టారి ముక్కులోకి వెళ్ళింది.

బొట్టుతోనే లేచి నిమాయ్ వరండాలోకి నడిచాడు. కిటికీ మూలన కొత్త తెల్ల తీగ ఒకటి కనిపించింది. అది లోపలి ప్లగ్గు నుంచి బయల్దేరి, నల్ల కేబులును ఆనుకుని వచ్చి, వరండాలోని టేబుల్ ఫ్యానుకి చేరుతోంది. రెండింటినీ కలిపి గోడకి నొక్కుతూ వరసగా మేకులు. అందులో ఒకటి తెల్ల తీగనీ నల్ల కేబులునీ నిలువునా గుచ్చేసి నిలబడి ఉంది. తెల్లతీగలోని కరెంటు ఆ మేకు మీదుగా కేబుల్లోకి నడిచి వస్తోందన్నమాట.

"ఈ ఫ్యాను ఎవరు పెట్టారు మాస్టారూ?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నేనే. నిన్న సాయంత్రం. అల్లుడికి ఉక్కపోస్తుందని." మేకు వైపు చూశారు. నిమాయ్ వైపు చూశారు. టెస్టరు వైపు చూశారు. ఆయన లెక్కల మాస్టారు, కూడిక వెంటనే కుదిరిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఓరి భగవంతుడా," అన్నారు గొంతు తగ్గించి. "పిల్లవాడు ముట్టుకుని ఉంటే?"

నిమాయ్ మేకు పీకాడు. చిల్లుపడ్డ తెల్ల తీగని పక్కకి తప్పించి ప్లగ్గు ఊడదీశాడు. "ఇప్పుడు మెయిను వెయ్యొచ్చు."

మెయిను పడగానే కింద సెలూన్లో మిషను గుర్రుమంది. పావుగంటకి అల్లుడు శుభంకర్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. బర్ధమాన్‌లో ఆగిన రైలు మేడ మెట్లెక్కి వచ్చినట్టుంది. నున్నటి తల, మెడ మీద ఇంకా పౌడరు. వెనకే గోపేన్ కేక: "బాబూ, మీ పెరుగు కుండ షాపులో మర్చిపోయారు!"

ఆ సగం గుండు ఎవరిదో అందరికీ అర్థమైంది. శుభంకరే మాట మార్చాడు. "ఇంతకీ కరెంటు ఎందుకు పోయింది? ఏ గాడిద చేశాడు?"

మాస్టారు నేల చూపులు చూస్తున్నారు. నిమాయ్ గుప్పిట్లోని మేకుని జేబులో వేసుకున్నాడు.

"ఎలకలండీ," అన్నాడు.

ఆ ఒక్క మాటతో నిమాయ్ మునిగాడు. పనైతే చకచకా ముగించాడు. కొత్త కేబులు తోలు తీసి, జల్లెడలాంటి సన్నతీగల్ని వెనక్కి మడిచి, వాటిలో ఒక్క వెంట్రుకైనా నడిమి రాగి తీగని తాకకుండా చూసి, కనెక్టరు తొడిగి, పనిముట్టుతో నొక్కి బిగించాడు. వాన నీళ్ళు లోపలికి రాకుండా కిటికీ బయట కేబులుని కిందికి వంపు తిప్పాడు. పదకొండుంబావుకి టీవీలో పచ్చిక నిగనిగలాడింది. కానీ మాస్టారు కదలనిస్తేనా?

"నా పరువు కాపాడావు. నా అల్లుడి ప్రాణం కాపాడావు. తినకుండా గడప దాటితే ఒట్టు!"

"మాస్టారూ, రైలు..."

"పది నిమిషాలు," అన్నారు మాస్టారు.

లూచీలనే మైదా పూరీలు, వంకాయ వేపుడు, ఆవపెట్టిన పులస, మామిడిపండు, పెరుగు, సందేశ్. వద్దన్న కొద్దీ రెండేసి పడ్డాయి. నిమాయ్ వీధిలోకి పరుగెత్తేసరికి పన్నెండుకి పావు తక్కువ. హౌరా వంతెన మీద బస్సు కదలలేదు. రైలు కదిలింది గానీ, ప్రతి స్టేషనులోనూ అల్లుళ్ళు మిఠాయి కుండలతో ఎక్కుతూ దిగుతూ దాన్ని ఆపేశారు. పన్నెండూ ఇరవై లిలువా స్టేషను దగ్గరే దాటిపోయింది. నిమాయ్ గడియారం చూసుకుని తల బాదుకున్నాడు. ఆ బాదుకోవడంలో మణికట్టు మీది పసుపు దారం కనిపించింది. ఆలస్యం ఒకటి, ఇంకో అత్తగారి దారం ఒకటి. పోనీ విప్పేద్దామా అంటే, ఒక తల్లి ఏడుస్తూ కట్టిన ముడి. చెయ్యి రాలేదు.

ఒంటిగంటకి శ్రీరాంపూర్‌లో తలుపు తీసింది ఝుంపా. అతని నుదురు చూసింది. చెయ్యి చూసింది. "ఎవరు కట్టారు?" అంది. ఆ గొంతులో పిడుగులున్నాయి.

వెనకాల బీణాపాణి వచ్చి నిలబడింది. నిమాయ్ ఇక దాచలేదు. టెస్టరు నుంచి పులస దాకా ఒక్క గుక్కలో చెప్పేసి, చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. ఆ తీగని అలా వదిలి రాలేకపోయాను. మీరు పొద్దున్నించీ ఏమీ తినకుండా ఉన్నారని తెలిసి కూడా..."

బీణాపాణి తిట్టలేదు. కళ్ళు కూడా తిరగలేదు. వింతగా ఇబ్బంది పడుతూ కొంగు సరిచేసుకుంది. ఏడాది తరువాత అల్లుడితో మొదటి మాట మాట్లాడింది.

"నేను తిన్నాను బాబూ."

"ఆఁ?"

లోపలినుంచి గట్టిగా తేన్పు వినిపించింది. చేతిలో సంచీ, నుదుట పెరుగు బొట్టు, మణికట్టుకి పసుపు దారంతో ఒక బొద్దు మనిషి బయటికి వచ్చి, "వస్తా మాసీమా, చేప అమృతం!" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఈ వీధి కేబులువాడు," అంది బీణాపాణి చూపు తప్పిస్తూ. "పండగపూట వచ్చి నువ్వు మళ్ళీ తీగ పట్టుకుంటావని నేనే పిలిపించాను. ఇవాళైనా కూర్చుని తింటావని. పన్నెండుంబావైంది, నువ్వు రాలేదు. వాడికీ అత్తగారుందట. నీ పేరుమీద వాడికి కట్టేశాను."

ఝుంపా ఫక్కున నవ్వింది. నిమాయ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడాదిగా మాట్లాడని మనిషి తనకి విశ్రాంతి ఉండాలని ఆలోచించింది. వంగి ఆవిడ పాదాలకి నమస్కరించాడు. ఆవిడ అతని గడ్డం పట్టుకుని, "లే. నీ వాటా చేప మూతపెట్టి ఉంచాను. ఒక్క ముక్క వదిలినా ఊరుకోను," అంది.

కంచం వచ్చేలోగా నిమాయ్ అలవాటు కొద్దీ టీవీ వెనక్కి తొంగిచూశాడు. కనెక్టరు లేదు. రాగి తీగని రంధ్రంలో గుచ్చి, పైన నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి ఉంది.

తన పేరుమీద చేప తిన్నవాడు, తన పేరుమీద కనెక్టరు కూడా బిగించి పోయుంటే బాగుండేది.