పాత మార్కెట్, కొత్త మార్కెట్

ఆ రోజు కోడలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి బస్టాండు ఆఫీసుకి వెళ్లడం, టిక్కెట్లు అచ్చువేసే ప్రోగ్రాములో "పాత మార్కెట్" ఉన్నచోట "కొత్త మార్కెట్" అని మార్చడం, పదింటికల్లా తీరిగ్గా టీ తాగడం. కొత్త మార్కెట్‌కి సాయంత్రం నాలుగింటికి ప్రారంభోత్సవం. ఆలోగా టిక్కెట్టు మీద పేరు మారి తీరుతుందని మేనేజరు పైవాళ్లకి మాటిచ్చేశారు.

ఆ ప్రోగ్రాము రాసింది ఆమె అత్తగారే. పాతికేళ్లు ఆ కుర్చీలో కూర్చుని రిటైరయ్యారు. ఆ కుర్చీలోకి కోడలు వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆఫీసు పని గురించి అత్తగారిని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఒక్కసారి అడిగితే ఆ మాట మనవల పెళ్లిళ్ల దాకా నడుస్తుందని ఆమె భయం.

"ఇవాళేం పనమ్మా?" అన్నారు అత్తగారు పొద్దున సంచి సర్దుకుంటూ. ఆవిడ పదకొండింటి బస్సుకి చెల్లెలి ఊరు వెళ్తున్నారు.

"ఏముందత్తయ్యా, ఒక్క మాట మార్చాలి."

"ఊఁ," అన్నారు అత్తగారు. ఆ 'ఊఁ'కి చాలా అర్థాలున్నాయి గానీ కోడలు ఆగి వినలేదు.

మాట మార్చడం అరనిమిషం పని. మార్చాక ప్రోగ్రామును మళ్లీ తయారు చేయాలి. నలభై నిమిషాలపాటు ముక్కలన్నీ ఒక్కొక్కటే తయారయ్యాయి. వాటిని కలిపి కుట్టే లింకర్ వంతు వచ్చేసరికి, "మెమరీ చాలదు" అని తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. చూస్తే కంప్యూటరులో ముప్పావు వంతు మెమరీ ఖాళీగానే ఉంది.

మేనేజరు వెనక నిలబడి చదివారు. ఆ తెర మీద ఆయనకి అర్థమైన మాట 'చాలదు' ఒక్కటే.

"చాలకపోతే తెప్పిద్దాం, దానికేముంది?"

"చాలక కాదండీ. ఈ లింకర్ పాతకాలంది. ఎంత మెమరీ ఉన్నా ఒక హద్దు దాటి వాడుకోలేదు. సముద్రంలో ముంచినా చెంబులో పట్టేది చెంబుడే కదండీ."

"అయితే పెద్ద సముద్రం కావాలన్నమాట!" అని మేనేజరు స్టోర్ కీపర్ని కేకేశారు.

స్టోర్ కీపరు చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. అంతకన్నా ప్రమాదకరమైన మనిషి ఆ ఆఫీసులో లేడు. స్టోర్లో మెమరీ లేదు. కొత్తది రావాలంటే మూడు సంతకాలు, మూడు వారాలు. అందుకని ఉన్న కంప్యూటర్లలోంచే మెమరీ చిప్పులు పీక్కొచ్చాడు. ఎంక్వైరీ కిటికీలోది, రిజర్వేషనుది, ఆఖరికి ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చూపించే పెద్ద బోర్డుది కూడా.

"దోసెడు తెచ్చాను మేడం," అని బల్ల మీద పోశాడు.

పట్టినన్ని బిగించి నొక్కితే, మెమరీ చాలదనే వచ్చింది. బయట మాత్రం బోర్డు నల్లబడింది. జనం సామాన్లతో అటూ ఇటూ పరుగెత్తారు. ఎక్కడ ఆపాలో తెలియని డ్రైవర్లు బస్సులన్నీ తెచ్చి ఒకటో నంబరులో ఒకదాని వెనక ఒకటి పెట్టారు. ముందున్న బస్సు కదిలితేగానీ వెనకవి కదలవు. దాని డ్రైవరేమో ఎటు వెళ్లాలో కనుక్కుందామని ఎంక్వైరీ కిటికీ ముందు వరసలో నిలబడ్డాడు. ఆ కిటికీ మూసి ఉంది.

"బాబూ, తీసినవన్నీ తిరిగి పెట్టేయండి. ఏది ఎందులోదో గుర్తుందా?" అంది కోడలు.

"అంత గుర్తెక్కడుంటుంది మేడం!" అన్నాడు స్టోర్ కీపరు.

పదకొండింటి బస్సు ఒంటిగంటైనా కదలకపోయేసరికి, అత్తగారు సంచితో సహా ఆఫీసులోకి వచ్చారు. మేనేజరు గబుక్కున లేచి నిలబడ్డారు. కోడలు కుర్చీలోనే కాస్త కిందికి జారింది.

అత్తగారు తెర చూశారు. పొద్దున్నలాగే "ఊఁ" అన్నారు. దానికి బదులు నాలుగు మాటలు అనేస్తే బాగుండేదనిపించింది కోడలికి. ఆ పౌరుషంలోనే ఆమెకి బుర్ర వెలిగింది. చెంబు పెద్దది కాకపోతే పోసే నీళ్లే తగ్గించాలి! ముందుముందు తప్పులు వెతుక్కోవడానికని ప్రతి ముక్కా బోలెడంత అదనపు సమాచారం మోసుకొస్తోంది. అది వద్దని చెప్పి, మళ్లీ మొదటి నుంచి తయారు చేయించింది. నలభై నిమిషాలు ముగ్గురూ తెర వంకే చూస్తూ కూర్చున్నారు. లింకర్ ఈసారి కిక్కురుమనకుండా కుట్టేసింది.

"అయిపోయింది!" అంది కోడలు, అత్తగారి వంక చూసీ చూడనట్టు చూస్తూ. వెంటనే ఒక టిక్కెట్టు అచ్చువేసింది.

దాని మీద "పాత మార్కెట్" అని స్పష్టంగా ఉంది.

అత్తగారు సంచి కింద పెట్టి ముందుకి వంగారు. "పేర్లు ప్రోగ్రాములోంచి రావమ్మా. పక్కన జాబితా ఫైలుంది, అందులోంచి వస్తాయి. ప్రోగ్రాములోవి ఎప్పటివో. తీసేయడం నేనే మరిచిపోయాను." ఫైలు తెరిచి 'పాత' చెరిపి 'కొత్త' అని కొట్టారు. మళ్లీ అచ్చువేస్తే టిక్కెట్టు మారిపోయింది.

"ముందుచూపంటే అదీ!" అని పొంగిపోయి, మేనేజరు బోర్డు సంగతి చూడటానికి పరుగెత్తారు.

"పొద్దున్నే అడిగితే చెప్పేవారు కదత్తయ్యా," అంది కోడలు నీరసంగా.

"నువ్వడగవని తెలుసు. నా రోజుల్లో నేనూ ఎవర్నీ అడగలేదు." ఆవిడ గొంతు తగ్గించారు. "ముందుచూపూ లేదు, పాడూ లేదు. పదేళ్ల కిందట నాకూ ఇదే మెమరీ గొడవ వచ్చింది. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. ఎనిమిదో రోజు ఎందుకో దానంతటదే కుట్టుకుంది. మళ్లీ దాని జోలికి పోకూడదనే పేర్లన్నీ బయట ఫైల్లో పెట్టేశాను. ఇంతకీ నువ్వెలా చేశావో కాస్త చెప్పు. ఇంట్లో మాత్రం అనకు."

కోడలు ఇంకో కుర్చీ తన పక్కకి లాగింది.

నాలుగింటికి టిక్కెట్లన్నిటి మీదా "కొత్త మార్కెట్" అని ముత్యాల్లాంటి అక్షరాలతో పడింది. బస్సులింకా ఒకటో నంబరులోనే ఉన్నాయి గనక, ఆ టిక్కెట్లు కొన్నవాళ్లు నడిచే వెళ్లారు.