గుండ్రం, చతురస్రం, సింహాచలం

మనుషుల ముఖాలన్నీ గుండ్రంగానో, చతురస్రంగానో, త్రిభుజంగానో ఉండి తీరాలన్న ఉత్తర్వు వచ్చాక, ఆ ఊరి మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల గది పక్కనే ముఖాల విభాగం తెరిచారు. ఎదుటివాడు ఎలాంటివాడో తెలుసుకోడానికి ఏళ్లు పడుతోందని, అంత తీరిక లేదని జనం అర్జీలు పెట్టుకున్నారట. గుండ్రమంటే మంచితనం. చతురస్రమంటే నిలకడ. త్రిభుజమైతే దూరంగా ఉండాలి. కౌంటర్లో ఆర్టిస్టు బొమ్మ గీసి ముద్ర కొడితే, అర్జీదారు మెట్లు దిగేసరికి ముఖం మారిపోయి ఉండేది.

ఆ ఆర్టిస్టు సౌగంధి. యానిమేషన్ చదివింది. తను గీసిన ఏనుగుపిల్ల బొమ్మలు పట్టుకుని హైదరాబాదులో స్టూడియోలన్నీ తిరిగింది. ఏనుగుపిల్ల ముద్దుగా ఉందన్నారు, కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. ఈ ఉద్యోగం దొరికాక చదువు వృథా పోలేదనే అనుకుంది. కళ్లు కాస్త కిందికి, ఎడంగా పెడితే అమాయకత్వం వస్తుంది. మనిషి మనసంతా కనుబొమల్లో ఉంటుంది. గీతని తడుముకుంటూ గీకకూడదు, భుజం నుంచి ఒక్క ఊపున లాగాలి. ముందు ఆకారం, వివరాలు ఆఖర్న. కాలేజీలో మాస్టారు చెప్పినవన్నీ ఇక్కడ ఉత్తర్వుల్లో అచ్చయి ఉన్నాయి.

వర్షాలు మొదలైన రోజుల్లో సింహాచలం అనే ఆటో డ్రైవరు వచ్చాడు. పిల్లల్ని బడికి దింపడం అతని పని. ఇంటింటికీ తిరిగి ముఖాలు నమోదు చేసిన సర్వేవాళ్లు అతనికి త్రిభుజం రాసేశారు.

"నాను అలాటోడ్ని కాదు మేడమ్," అన్నాడు. "మజ్జాన్నం తిండి మానేసినాను. దవడలు లోపలికెల్లిపోయి గెడ్డం మొనదేలింది, అంతే. ఇప్పుడు పిల్లల్ని నా బండి ఎక్కనివ్వట్లేదు."

సౌగంధి అతని వంక చూసింది. నిజంగానే ఆకలి ముఖం, దుర్మార్గం కాదు. కానీ రెంటికీ గీత ఒకటే. కాగితం తీసి గుండ్రంగా గీసి, బుగ్గలు నింపి ముద్ర కొట్టింది.

మర్నాటి నుంచి ఆటో నిండింది. పిల్లలు అతని బుగ్గలు గిల్లేవారు. అయితే గుండ్రటి మనిషిని కిరాయి అడగనివ్వడం ఎవరికీ అలవాటు లేదు. "నీకేంటి, మంచోడివి," అని దిగిపోయేవారు. కానిస్టేబులు గారి అత్తగారిని ఆస్పత్రికి తిప్పడం, ఎవరిదో గ్యాస్ బండ మోయడం, అన్నీ అతని మీదే పడ్డాయి. దీపావళి వెళ్లాక మళ్లీ వచ్చి, కనుబొమలకి కొంచెం కోణం పెట్టమన్నాడు. నిబంధనల్లో 'కొంచెం' అన్నది లేదు గనక సౌగంధి చతురస్రం గీసింది. ఆటో సంఘం వాళ్లు ఆ ముఖంలోని నిలకడ చూసి ప్రతి ధర్నాలోనూ అతన్ని ముందు వరసలో నిలబెట్టారు. లాఠీ దెబ్బలూ ముందు వరసకే తగిలాయి.

మూడోసారి భార్య పైడమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. అతని చేతికి కట్టు ఉంది.

"నా ముకం నాకు ఇచ్చీండి మేడమ్."

పాత ముఖాలు దాచే ఏర్పాటు ఆఫీసులో లేదు. "ఎలా ఉండేదో చెప్పు, గీస్తాను," అంది సౌగంధి. అతను గుర్తులేదన్నాడు. గెడ్డం గీసుకోడానికి తప్ప అద్దం చూసుకున్నది లేదట.

పైడమ్మ ముందుకి వచ్చింది. "నవ్వితే ఒక పక్కకే పోయేదమ్మా. కోపమొచ్చినప్పుడు రాకాసే. పడుకున్నాడంటే సంటిపిల్లడు. అబద్దమాడితే ఎడంకన్నులోనే ముందు తెలిసిపోయేది."

సౌగంధి నియమాలన్నీ పక్కన పెట్టింది. ఒక బుగ్గ గుండ్రంగా, ఒక దవడ పలకగా, గెడ్డం మొనగా వచ్చింది. ఎడమ కన్నుని మూడుసార్లు చెరిపి గీసింది. పైడమ్మ చూసి చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏనుగుపిల్ల తరవాత అంత మంచి బొమ్మ సౌగంధి గీయలేదు.

సూపరింటెండెంటు కూర్మారావు గారు కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఇదేం ఆకారమమ్మా?"

"ఆకారం కాదండీ. సింహాచలం."

ఆయన చెడ్డవాడు కాదు. ఆకారం కుదరని బొమ్మలకు నీడ పరీక్ష పెట్టవచ్చని ఉత్తర్వుల్లో వెసులుబాటు వెతికి తీశారు. బొమ్మని నల్లగా నింపెయ్యాలి. ఆ నీడ ఎవరిదో చూసినవాళ్లు ఇట్టే చెప్పగలిగితే పాసు. సౌగంధి బొమ్మ మీద పల్చటి కాగితం వేసి, అంచు వెంబడి గీసి, సిరాతో నింపింది. ప్యూను దాన్ని వరసలో ఉన్నవాళ్లకి చూపించాడు. వాళ్లలో సగంమంది సింహాచలం ఆటో ఎక్కినవాళ్లే.

"మా నాన్నలా ఉంది," అన్నాడు మొదటివాడు. ఒకామె తన తమ్ముడంది. వెనకనున్న పెద్దాయన దాని వంక అలాగే చూస్తూ, "నేనే కదా," అన్నాడు.

వరస చివరిదాకా ఒక్కరూ సింహాచలమని అనలేదు. కూర్మారావు గారు నిజంగానే బాధపడుతూ, గుర్తింపు కుదరలేదని రాశారు.

"గుండ్రమే ఎయ్యండి," అంది పైడమ్మ. "పిల్లలు ఎక్కుతారు."

"పని బాగా సేయిత్తారే," అన్నాడు సింహాచలం.

"ఎప్పుడు సేయించలేదు?"

సౌగంధి ఒక్క ఊపున గుండ్రం లాగింది. గీత చక్కగా వచ్చింది. వాళ్లు మెట్లు దిగి వెళ్లారు.

తరవాతి మనిషి వచ్చి కూర్చుంది. రేపు పెళ్లివారు చూడ్డానికి వస్తున్నారట.

"ఎలా కావాలమ్మా?" అని అడిగింది సౌగంధి, పెన్సిలు చెక్కుకుంటూ.

"వాళ్లకి ఎలా కావాలో కనుక్కుని వచ్చాను," అంది ఆ అమ్మాయి, ముఖం ముందుకి చాపుతూ.