ఎల్స్‌బీ హైస్కూలు గుండె డాక్టరు

ఆ శుక్రవారం ఉదయం ఆర్లిస్ బ్రెక్కీ పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండు గంటలకల్లా రెండు వందల మందికి హాట్‌డిష్ ఓవెన్‌లోంచి దించాలి. కింద మాంసం కూర, పైన బంగాళదుంప ముక్కలు. ముప్పై నాలుగేళ్లుగా ఎల్స్‌బీ హైస్కూలు వంటగదిలో ఆమె కళ్లు మూసుకుని చేసే వంట అది. కాకపోతే ఆ రోజు హోమ్‌కమింగ్, పాత విద్యార్థులంతా బడికి తిరిగొచ్చే పండగ, ఊరంతా బడికి వస్తుంది. జిల్లా విద్యా సంఘం నుంచి హాగ్లండ్ అనే ఆవిడ కూడా వస్తోంది. సోమవారం ఓటింగు. ఎల్స్‌బీ బడిని ఉంచుతారో, తాళం వేసి పిల్లల్ని పక్క ఊరు గ్రాంట్‌మోర్ బడికి పంపుతారో ఆవిడ రాసే నివేదికను బట్టి ఉంటుంది.

గ్రాంట్‌మోర్ పేరెత్తితే ఎల్స్‌బీలో కుక్కలు కూడా మొరుగుతాయి.

ఎనిమిదింటికి ప్రిన్సిపాల్ విట్‌క్రాఫ్ట్ వంటగదిలోకి దూసుకొచ్చాడు. ఆగస్టులోనే ఆరిజోనా నుంచి వచ్చిన కొత్త మనిషి.

"ఆర్లిస్ గారూ, మన బడి గట్టెక్కినట్టే! మన పాత విద్యార్థులు ఎంత గొప్పవాళ్లో నాకిప్పుడు తెలిసింది. ఆరుగురు! హాలు గోడకి ఆరు ఇత్తడి పలకలు బిగించేశా. ఒక సెనేటరు, ఒక ఒపేరా గాయని, ఒక వ్యోమగామి! అందర్నీ మించి చికాగోలో గుండెలు మార్చే డాక్టరు, ఆర్లిస్ లుండ్ అని. మీ పేరే, చూశారా!"

ఆర్లిస్ చేతిలో గరిటె ఆగిపోయింది. లుండ్ ఆమె పుట్టింటి పేరు.

"ఎవరు చెప్పారు సార్ మీకు?"

"బీరువాలో పాత పేపరు ముక్క దొరికింది. ఉత్తరాలు కూడా రాశా. అన్నీ తిరిగొచ్చేశాయి. పెద్దవాళ్లు కదా, ఇళ్లు మారుతుంటారు."

ఆయన చూపించిన ముక్కను ఆర్లిస్ చూడగానే గుర్తుపట్టింది. బడి వదిలే ప్రతి బ్యాచిలోనూ ఒకడు, పాతికేళ్ల తర్వాతి తేదీ వేసి, తోటివాళ్లంతా ఏమైపోయారో బడి పత్రికలో వార్తలాగా రాస్తాడు. నవ్వుకోవడానికి రాసే రాత అది. వాళ్ల బ్యాచికి రాసినవాడు ఆరిన్ స్లెటెన్. ఇప్పుడు బడి బస్సు తోలుతున్నాడు. తన్ను తాను వ్యోమగామిని చేసుకున్నాడు.

"సార్, అది నిజం వార్త కాదు..." అని ఆమె మొదలుపెట్టే లోపు ఆయన ఫోను మోగింది. రేడియోవాళ్లు. "అవునండీ, గుండె డాక్టరే!" అంటూ ఆయన బయటికి నడిచాడు.

ఆర్లిస్ ఏప్రనుతోనే బస్సుల షెడ్డుకు పరుగెత్తింది.

"ఏరా ఆరిన్, నీ రాత చూశావా ఎక్కడిదాకా వచ్చిందో?"

"చూడకేం? ప్రిన్సిపాల్ బుధవారం పేపర్లోనే వేయించాడు. నువ్వు తప్ప ఊరంతా చదివింది. మా ఆవిడ ముక్క కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది కూడా."

"మరి ఒక్కరైనా ఆయనకి చెప్పలేదేంరా?"

"కొత్త మనిషి కదే. నొచ్చుకుంటాడని."

ఎల్స్‌బీ మర్యాద అలాంటిది. ఎదుటి మనిషి ఇల్లు తగలబడుతున్నా, 'ఇవాళ కాస్త వెచ్చగా ఉన్నట్టుందండీ' అని మాత్రమే అంటారు.

పదింటికి పిల్లల ఊరేగింపు బయల్దేరింది. ట్రాక్టరు మీద గుడిసె అంత ఎర్ర గుండె బొమ్మ. లోపల ఎవరో డ్రమ్ము కొడుతుంటే అది దడదడా కొట్టుకుంటోంది. దారి పొడుగునా జనం ఆర్లిస్‌ని చూసి మర్యాదగా తలలు వంచారు. ఆమె మూడుసార్లు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. మొదటిసారి ఫొటో తీస్తున్నారు, రెండోసారి మేయరుగారు చేయి పట్టుకున్నారు, మూడోసారి ఆయనే ఆమె భుజం తట్టి, "మీ హాట్‌డిష్ మాడిపోతుందేమో చూడండి" అన్నాడు.

ఒంటిగంటకు జనం హాల్లో నిండారు. హాగ్లండ్ గుండె డాక్టరు పలక ముందు చాలాసేపు నిలబడింది.

"ప్రిన్సిపాల్ గారూ, వచ్చే నెల మా ఆయనకి గుండె ఆపరేషను. ఈ డాక్టరమ్మతో ఒక్క మాట మాట్లాడించండి."

ఇక ఊరుకుంటే పాపమని ఆర్లిస్‌కి అనిపించింది. బడి పోతే పోనీ. ఏప్రనుకు చేతులు తుడుచుకుని వేదిక దగ్గరికి నడిచింది.

"అమ్మా, ఆర్లిస్ లుండ్‌ని నేనే. ఈ బడిలో వంట చేస్తా. నేను కోసింది కోళ్లనే గానీ గుండెల్ని కాదు. ఆ కాగితం పిల్లలప్పటి తమాషా. సార్‌కి తెలీదు, తప్పు మాదే."

విట్‌క్రాఫ్ట్ మెట్ల మీద కూలబడి తల పట్టుకున్నాడు.

వెనక నుంచి ఆరిన్ లేచాడు. "రాసింది నేనండీ. చంద్రుడి మీదికి వెళ్లలేదు గానీ, మంచు తుపానులో కూడా ఒక్క బిడ్డనైనా దారిలో దించెయ్యలేదు." పశువుల సంతలో వేలం పాడే లవోన్ లేచి, "ఒపేరా గాయనిని నేనే. ఆవులు మెచ్చుకుంటాయి" అంది. సెనేటరు, అంటే పోస్టాఫీసు క్లైడ్, టోపీ తీశాడు. మిగతా ఇద్దరూ ముందుకొచ్చారు.

హాగ్లండ్ కళ్లజోడు సర్దుకుంది. "ఆరుగురూ వచ్చారా?"

"ఎక్కడికి పోతామండీ?" అంది ఆర్లిస్. "ఇక్కడే ఉంటాం, మా పిల్లలు ఇక్కడే చదువుతారు."

"పోయిన శుక్రవారం గ్రాంట్‌మోర్ వెళ్లాను. ఎనిమిది మంది ఘనులకి సన్మానం. అందరూ నిజమైనవాళ్లే. ఒక్కరూ రాలేదు. ఎనిమిది కుర్చీల్లో ఎనిమిది ఫొటోలు పెట్టి మా చేత చప్పట్లు కొట్టించారు." ఆవిడ పెన్ను తీసింది. "బడి ఎవరి కోసమో నాకు తెలియాలి. తెలిసింది."

ముందు చప్పట్లు కొట్టింది విట్‌క్రాఫ్టే. తర్వాత హాలు హాలంతా లేచింది. బ్యాండు ఏ పాట కొడుతోందో బ్యాండుకే తెలియలేదు. ఆర్లిస్ ఏడుస్తూ నవ్వుతుంటే, ఆరిన్, లవోన్ చెరో వైపూ పట్టుకుని ఆమెను భుజాల మీదికి ఎత్తబోయి, తమ నడుము నొప్పులు గుర్తొచ్చి కుర్చీ మీద నిలబెట్టారు.

సోమవారం అయిదుకి రెండు ఓట్లతో బడి నిలిచింది. పలకలు తీసేస్తానని ప్రిన్సిపాల్ అంటే ఊరు ఒప్పుకోలేదు.

వచ్చే ఏడు గ్రాంట్‌మోర్ వాళ్లు తమ బడి వంటమనిషిని అణు శాస్త్రవేత్తగా ప్రకటించబోతున్నారని వినికిడి.