ఫ్రిజ్ దగ్గర మాత్రమే

ఆ ఆదివారం ఉదయం కొత్త కోడలి పథకం చాలా చిన్నది. పదింటికల్లా పళ్ళు కోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పదకొండింటికి అక్కా బావా వస్తారు. పన్నెండింటికి ఆ పళ్ళముక్కలు చల్లచల్లగా గాజు గిన్నెల్లో బల్ల మీదికి రావాలి. ఈలోగా వీలు చూసుకుని అక్కకి ఒక సంగతి రుజువు చేసి చూపించాలి. ఆ సంగతి పేరు ప్రేమ.

పెళ్ళయి నలభై రోజులు. పెద్దలు కుదిర్చిన సంబంధం. పెళ్ళికి ముందు ఇద్దరూ మాట్లాడుకున్నది మహా అయితే గంటన్నర. అందులో గంటసేపు ఆయన అచ్చుతప్పుల గురించే మాట్లాడాడు. ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దడం ఆయన ఉద్యోగం. మనిషి మంచివాడే, నవ్వు బావుంటుంది, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా వింటాడు. కానీ ప్రేమ పుడుతుందా? ఈ అనుమానాన్ని ఆమె ఎవరికీ చెప్పకుండా మనసులోనే మడతపెట్టి దాచుకుంది. చదివింది చరిత్ర. ఆధారం లేనిదే దేన్నీ నమ్మే అలవాటు లేదు.

ఆధారం కాపురం పెట్టిన మూడోరోజునే దొరికింది. ఫ్రిజ్ తలుపుకున్న ఉక్కు పిడిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మంచినీళ్ళ సీసా అందిస్తుంటే ఆయన వేళ్ళు ఆమె వేళ్ళకి తగిలాయి. చేతి నుంచి భుజం దాకా జివ్వుమంది. ఆమె సిగ్గుపడి పిడి వదిలేసింది. ఆయన ఉలిక్కిపడి సీసా పుచ్చుకుని, తాగకుండా దానివైపే చూస్తూ నిలబడ్డాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అప్పటిదాకా వంటింటి గడప ఎటువైపుందో ఎరగని మనిషి గిన్నెలు తుడుస్తానంటూ రావడం మొదలుపెట్టాడు. ఆమె ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆయనకి దాహం వేసేది.

అసలు ఆ ఫ్రిజ్ అక్కావాళ్ళ కానుకే. బావ ఉద్యోగం కోసం వేరే దేశంలో మూడేళ్ళుండి, తిరిగొస్తూ తెచ్చుకున్నది. దాని ప్లగ్గుకి మూడు బల్లపరుపు పిన్నులు. ఈ అద్దింటి గోడకేమో రెండు గుండ్రటి రంధ్రాలు. కొత్త పెళ్ళికొడుకు మూడు దుకాణాలు తిరిగి ఒక తెల్లటి అడాప్టరు పట్టుకొచ్చి, రెంటికీ సంధి కుదిర్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఫ్రిజ్ గుర్రుమంది. ఆమె చప్పట్లు కొట్టింది. సంసారంలో అది ఆయన తొలి విజయం.

ఇక జివ్వుమన్న సంగతి ఎన్నాళ్ళని కడుపులో దాచుకోగలదు? ఫోనులో అక్కకి చెప్పేసింది. అక్కకి పెళ్ళయి తొమ్మిదేళ్ళు. వివరాలన్నీ రెండేసిసార్లు చెప్పించుకుంది. చివరికి, ఆదివారం వచ్చి చూస్తానంది, అద్దెకి ఇల్లు చూడబోయే మనిషిలా.

అన్నట్టే వచ్చారు. బావ హాల్లో పేపరు వెనక మాయమయ్యాడు. రెండు రోజుల కిందటే వచ్చిన అత్తయ్య వరండాలో బఠానీలు ఒలుస్తోంది. అక్క చెల్లెల్ని వంటింట్లోకి తోసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఎక్కడెక్కడ అవుతుంది?"

"ఇక్కడే. ఫ్రిజ్ దగ్గర."

"హాల్లో?"

"ఊహూఁ."

"మీ గదిలో?"

చెల్లెలి బుగ్గలు ఎర్రబడ్డాయి. "అక్కడ బావుంటుంది కానీ, జివ్వుమనదు."

"వంటింట్లో తప్ప పుట్టని ప్రేమ గురించి నేనెక్కడా వినలేదే."

"పనిలో ఉన్నప్పుడు ముద్దొస్తానేమో."

అక్క పెదవి విరిచింది. పళ్ళు చల్లబడ్డాయేమో చూద్దామని ఫ్రిజ్ వైపు నడిచింది. సింకు పక్కనే కావడంతో అక్కడి నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అందుకని ఫ్రిజ్ ముందు ఒక జత రబ్బరు చెప్పులుంటాయి. అక్క వాటిలో కాళ్ళు దూర్చి పిడి పట్టుకుని తలుపు తీసింది. సరిగ్గా అప్పుడే బావ మంచినీళ్ళ కోసం వట్టికాళ్ళతో లోపలికొచ్చి, కాస్త జరగమంటూ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

అక్క గిర్రున వెనక్కి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ?"

"ఏంటి, తాళంచెవులా?" అన్నాడు బావ, మొద్దుబారిన చేతిని విదిలించుకుంటూ.

అక్క వినిపించుకునే స్థితిలో లేదు. తన పుట్టినరోజు మరిచిపోయిన రెండుసార్లనీ, రైలు దిగి టీ తాగుతూ బండి తప్పిపోయి తనొక్కదాన్నే తర్వాతి స్టేషను దాకా పంపించిన రోజునీ అక్కడికక్కడే క్షమించేసింది. దేనికి క్షమిస్తోందో బావకి అంతుపట్టలేదు. అయినా అన్నింటికీ తలూపాడు. తొమ్మిదేళ్ళ అనుభవం ఊరికే పోదు.

అక్కని చూసి చెల్లెలికీ ఏడుపొచ్చింది. ముక్కు ఎగబీలుస్తూ అక్క వదిలిన ఆ చెప్పులే తొడుక్కుని, తెరిచి ఉన్న ఫ్రిజ్ తలుపు వెయ్యబోయింది. బఠానీలు కడుగుదామని వచ్చిన అత్తయ్య ఈ ఏడుపులు చూసి కంగారుపడిపోయింది. "నీకేమొచ్చిందే అమ్మాయ్?" అంటూ కోడలి చెంప నిమిరింది.

మరుక్షణం బఠానీలు నాలుగు దిక్కులా దొర్లాయి.

"ఒరే, ఇలా రా," అని కేకపెట్టింది ఆవిడ. "ఈ పిల్లకేదో నరాల జబ్బుందిరా. ముట్టుకుంటే నా చెయ్యి జివ్వుమంది. సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

కొడుకు బఠానీల మీద జారుతూ, గోడ పట్టుకుంటూ వచ్చాడు. భార్య ముఖం చూశాడు. అది నరాల జబ్బు అనిపించుకుంటే ఆమె ఎంత నొచ్చుకుంటుందో ఆయనకి తెలుసు.

"జబ్బు కాదమ్మా," అన్నాడు.

"మరేంటి?"

ఆయన చెవులు కందగడ్డలయ్యాయి. "నాకూ అవుతుంది. మొదట్నించీ. అదీ... ప్రేమమ్మా."

కోడలి గుండె ఒక్క గంతు వేసింది. అంటే ఆయనకీ! కానీ ఆ గంతు వేసిన గుండె ఇంకా కిందికి దిగకముందే అత్తయ్య కొడుకునీ, కోడల్నీ, ఫ్రిజ్‌నీ వరసగా చూసింది.

"నా మీద కూడానా?"

మాకూ అయిందని అక్క మెల్లిగా ఒప్పుకుంది. బావ పేపరు తెచ్చుకోనందుకు విచారించాడు.

"ఆ కరెంటు పనిచేసే అతన్ని పిలవండి," అంది అత్తయ్య.

ఎలక్ట్రీషియన్ పక్క వీధిలోనే ఉంటాడు. తక్కువ మాట్లాడే మనిషి. టెస్టరు తీసి ఫ్రిజ్ ఒంటికి ఆనించాడు. అందులోని చిన్న దీపం వెలిగింది. వంటింట్లో అంతమంది నిట్టూర్పులు ఒకేసారి వినడం అతనికి కొత్త. ప్లగ్గు ఊడదీసి, అడాప్టరుని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ముందు మూడు, వెనక రెండు. మూడోది ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదా సార్?"

కామా పోతే కనిపెట్టే మనిషి తలొంచుకున్నాడు. "అది పట్టు కోసమేమో అనుకున్నాను."

అప్పుడు ఎలక్ట్రీషియన్ విడమరిచి చెప్పాడు. ఒక్కో దేశంలో ఒక్కో రకం ప్లగ్గు ఉంటుంది. కొన్నింటికి బల్లపరుపు పిన్నులు, కొన్నింటికి గుండ్రటివి, కొన్నింటికి ఏటవాలుగా ఉంటాయి. ఏ రూపంలో ఉన్నా మూడోది మాత్రం ఎర్తు. చాలా వాటిలో అదే పొడుగు. అన్నింటికంటే ముందు లోపలికెళ్ళి, అన్నింటికంటే వెనక బయటికొస్తుంది, ఇంటికి పెద్దదిక్కులాగా. ఈ ఫ్రిజ్ లోపలెక్కడో తీగ అరిగి కాస్త కరెంటు కారుతోంది. ఎర్తు ఉంటే అది చప్పుడు లేకుండా నేలలోకి పోయేది. ఇక్కడ మూడో పిన్ను వెనక ఏమీ లేదు కాబట్టి ఫ్రిజ్ ఒంటి మీదే కాచుకుని కూర్చుంది. రబ్బరు చెప్పులున్నవాళ్ళు ముట్టుకుంటే వాళ్ళకి తెలియదు. వాళ్ళని వట్టికాళ్ళవాళ్ళు ముట్టుకుంటే ఇద్దరిలోంచీ నేలకి పోతుంది.

"ఇన్నాళ్ళూ మీరే దానికి దారి," అన్నాడు. "చిన్న లీకు కాబట్టి సరిపోయింది. పెద్దదయితే ఇలా నిలబడి మాట్లాడుకునేవాళ్ళం కాదు."

ముందు ఆ అరిగిన తీగ మారుస్తాననీ, గోడ అవతల గీజరుకి ఎర్తు తీగ ఉంది గనక అక్కణ్ణించి లాగి సరైన సాకెట్టు బిగిస్తాననీ, గంట పడుతుందనీ చెప్పి అందరినీ బయటికి పంపేశాడు.

హాల్లో అక్క తను ఇచ్చిన మన్నింపులు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటోంది. రైలు సంగతి దగ్గరికొచ్చేసరికి బావ కళ్ళు మూసుకున్నాడు. చెల్లెలు మాత్రం కిటికీ దగ్గర నిలబడిపోయింది. నలభై రోజులు కళ్ళకద్దుకున్న శాసనం నకిలీదని తేలితే చరిత్ర చదివినవాళ్ళకెలా ఉంటుందో అలా ఉంది ఆమెకి. ఆ రోజులన్నీ ఒక అరిగిన తీగ పుణ్యమేనా? ఇక ఆయనకి దాహం వేయదా?

ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఆ అడాప్టరు నేనే తెచ్చాను," అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నట్టు. "నీకేమైనా అయ్యుంటే..."

"ఒకసారి చూద్దామా?" అంది ఆమె.

"ఇప్పుడేమీ ఉండదుగా."

"అందుకే."

వంటింట్లో ఎలక్ట్రీషియన్ గోడవైపు తిరిగి సాకెట్టు మూతకి మరలు బిగిస్తున్నాడు. ఆమె అడిగితే, ముట్టుకోండి పర్వాలేదన్నాడు తల తిప్పకుండానే. ఆమె రబ్బరు చెప్పులు తొడుక్కుంది. పిడి పట్టుకుంది. ఏమీ ఉండదని తెలిసిన దాని కోసం రెండో చెయ్యి చాపింది. ఆయన తడినేల మీద వట్టికాళ్ళతో నిలబడి, ఎన్నడూ లేనంత మెల్లిగా, ఆ చేతిని అందుకున్నాడు.

భుజం దాకా జివ్వుమంది. ఇద్దరూ ఒక్కసారే చేతులు వెనక్కి లాక్కున్నారు.

ఆయనకి ఎక్కడలేని కోపమొచ్చింది. "ఏం బాగుచేశారండీ? ఇంకా కొడుతూనే ఉంది. తనకీ కొట్టింది, నాకూ కొట్టింది." ఆ గొంతుకి అత్తయ్యా, అక్కా, బావా గుమ్మంలోకొచ్చారు.

ఎలక్ట్రీషియన్ చివరి మర బిగించి, అప్పుడు ఇటు తిరిగాడు.

"మెయిన్ ఆపి ముప్పావుగంటైంది సార్."

అది మళ్ళీ వేయమని ఆ ఇంట్లో ఎవరూ అతన్ని తొందరపెట్టలేదు.