అణగారిన కంకరకు విముక్తి

"ఇన్నాళ్ళూ సిమెంటు కింద నలిగిపోయిన కంకరకు ఇకమీదట తిరువూరులో అన్యాయం జరగదు!" అని సుందరీకరణ కమిటీ ఛైర్మన్ వెంకటప్పయ్య గారు ప్రకటించేసరికి, చప్పట్లు కొట్టాలో కంకరకు సంతాపం తెలపాలో అర్థంకాక సభ రెండు క్షణాలు తటపటాయించింది. తర్వాత కొట్టింది.

అది రెండువేల మూడు, ఎండాకాలం. వెంకటప్పయ్య గారు బెంగుళూరు అధ్యయన యాత్ర ముగించుకుని అప్పుడే దిగారు. ఆయన ఊరికే తిరిగొచ్చే మనిషి కాదు. యాత్ర నాలుగు రోజుల్లో మూడు రోజులు వానపడితే హోటల్ గదిలో పడుకునే అధ్యయనం చేశారు. నాలుగోరోజు కారెక్కుతూ తల వంచి చూస్తే, హోటలు గుమ్మం ముందు నేలంతా రంగురంగుల గులకరాళ్ళు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, పేర్చినట్టుగా కనిపించాయి. "ఎక్స్‌పోజ్డ్ అగ్రిగేట్ సార్, కంకర పైకి తేలిన గచ్చు" అన్నాడు మేనేజరు. ఆ రెండు ఇంగ్లీషు మాటల్నీ ఆయన రైల్లో విజయవాడ దాకా బట్టీపట్టారు.

"కంకర అడుగున ఉండి బరువు మోస్తుంది. పేరు మాత్రం పైనున్న సిమెంటుకి! ఈ దోపిడీని నేను బెంగుళూరులో కళ్ళారా చూశాను. అక్కడ కంకర పైకొచ్చింది. ఇక్కడెందుకు రాదు? మన గెస్ట్‌హౌస్ ముంగిట్లోనే మొదటి అడుగు!"

సభలో చివరి వరసలో కూర్చున్న రాయప్ప మేస్త్రీ ముందుకు వంగాడు. ఆ పని అతనికొచ్చు. హైదరాబాదులో ఎనిమిదేళ్ళు కంపెనీ ఆఫీసుల ముందు, పెద్దవాళ్ళ తోటల్లో బాటల మీద అదే చేశాడు. సొంత ప్రాంతానికొచ్చాక మాత్రం ఒక్కరూ చేయించుకోలేదు. గంపలగూడెంలో ఒక పత్తి రైతు మొహం మీదే అన్నాడు: "నున్నగా చెయ్యటం చేతకాదని ఒప్పుకోవయ్యా, రాళ్ళు పైకి తేలటం అందమంటావేంటి?"

ఆశ మిగిలింది ఒక్కచోటే. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ సరోజినీదేవి గారు ఊరి చివర ఇల్లు కడుతున్నారు. "నమూనా చూపించు రాయప్పా. పేపరు చూడకుండా నేను మార్కులు వెయ్యను" అన్నారావిడ. "విజయవాడ వెళుతున్నా. సోమవారం పొద్దున ఏడింటికొస్తా. అప్పటికి చూపిస్తే సరి, లేకపోతే వాకిలంతా నాపరాళ్ళు పరిపించేస్తా." ఆవిడ వాకిలి ఒక్కటి దొరికితే చాలు, రోడ్డున పోయే ప్రతివాడూ చూస్తాడు. దొరక్కపోతే రాయప్ప మళ్ళీ హైదరాబాదు బస్సెక్కాల్సిందే.

మర్నాడు ఇంజినీరు దత్తాత్రేయులు గారి ముందు నిలబడి రాయప్ప పని వివరించాడు.

"ముందు కాంక్రీటు పోస్తామండి. దానిమీద కట్టలేరు వాగులో ఏరిన గులకరాళ్ళు ఒత్తుగా చల్లి చెక్కతో అదుముతాం. నాలుగైదు గంటలు ఆగి, బొటనవేలు ఆనిస్తే అచ్చు పడని టైములో బ్రష్షూ నీళ్ళూ పెట్టి పైన సిమెంటు కడిగేస్తాం. రాళ్ళు తేల్తాయండి."

"వేసిన సిమెంటు మనమే కడిగేస్తామా?"

"అవునండి."

దత్తాత్రేయులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇరవయ్యేళ్ళ సర్వీసులో సిమెంటు కొట్టుకుపోయిందని మెమోలు తీసుకున్నాను గానీ, కడగమని ఆర్డరు తీసుకోవటం ఇదే మొదలయ్యా."

ఆ కడగటం కూడా తన చేతుల మీదుగానే జరగాలని ఛైర్మన్ గారి ఆదేశం. రిబ్బను కత్తిరించడం పాత పద్ధతి, బ్రష్షుతో రుద్దడం కొత్త పద్ధతి అని ఆయన పేపరువాళ్ళకు చెప్పారు కూడా. బ్రష్షుకు పూలు చుట్టించారు.

మంగళవారం తెల్లారేసరికి మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా కాంక్రీటు పోసి, రాళ్ళు అదిమేశారు. ఛైర్మన్ గారు పన్నెండింటికి రావాలి. ఎనిమిదిన్నరకే ఫోనొచ్చింది, సాయంత్రం వస్తారని.

"సార్, అయితే పంచదార కావాలండి" అన్నాడు రాయప్ప.

"ఇప్పుడు టీ ఏంటయ్యా?"

"టీకి కాదండి, కాంక్రీటుకి. తీపి తగిలితే సిమెంటు గట్టిపడదండి. నీళ్ళలో కలిపి పైన చల్లితే ఒక రాత్రి ఆగుద్ది. అదే సిమెంటు మాలులోపల కలిపామంటే ఎన్నాళ్ళైనా బురదలాగే ఉంటది."

గెస్ట్‌హౌస్‌లో వంటా కాపలా రెండూ చూసుకునే మేరమ్మ, డబ్బా గుండెలకు హత్తుకుంది. "ఛైర్మన్ గారి టీలకి తెచ్చిన పంచదారయ్యా! ఆయనొస్తే ఏం పొయ్యను?" అంటూనే దత్తాత్రేయులు గారి కళ్ళు చూసి ఇచ్చేసింది. డబ్బాలో ముప్పాతిక వంతు ఖర్చయింది. చీమలు మాత్రం ఎవరికోసమూ ఆగకుండా మధ్యాహ్నానికే ప్రారంభోత్సవం చేసుకున్నాయి.

పొద్దున పంచదార చల్లుతుండగానే, మిగిలిన రెండు గమేళాల కాంక్రీటు చూసి మేరమ్మ అడిగింది. "ఒరే రాయప్పా, ఆ మాలేదో పెరట్లో పంపు దగ్గర పొయ్యరాదా? అంట్లు తోమేచోట బురదలో జారి చస్తన్నా."

పోశాడు. అక్కడ ప్రోటోకాల్ లేదు, పంచదార లేదు. రాళ్ళు చల్లి, అదిమి, ఒంటిగంటకు బొటనవేలు ఆనించి చూసి కడిగాడు. తెల్లవీ, ఇటుకరంగువీ, పసుపుకొమ్ములాంటివీ, తడిసిన గులకరాళ్ళు ఎండలో తళతళలాడాయి. మేరమ్మ చెప్పులు విడిచి దానిమీద అటూ ఇటూ నడిచింది.

"ఏమాటకామాటే, నీ చెయ్యి చల్లగుండ! మా చర్చి ముందు ఇట్టా చేస్తే ఎంత బాగుంటదిరా."

"సోమవారం సరోజినీ టీచరు గారు వచ్చి ఇది చూడనీ అక్కా, ముందర."

సాయంత్రం ఛైర్మన్ గారు రేపు పొద్దునకు మారారు. మర్నాడు పొద్దున "బయల్దేరారు" అన్నారు. నాయకుడు బయల్దేరాడంటే స్నానానికి లేచాడని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. పదింటికి రాయప్ప ముంగిట్లో బొటనవేలు ఆనించి చూసి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, దణ్ణం పెడతాను, కడిగేద్దాం సార్. ఇంక గంట దాటితే మొండికేస్తది!"

"ఛైర్మన్ గారి చెయ్యి పడకుండా ఒక్క రాయి బయటికి రాకూడదు రాయప్పా. ఎవరికంటే ఎవరు ముందు బయటికి రావాలో ఒక పద్ధతుంటుంది."

గంట దాటింది. ఛైర్మన్ గారు శుక్రవారానికి మారారు. మధ్యాహ్నం రాయప్ప బ్రష్షు పెట్టి రుద్దితే బ్రష్షు అరిగింది. ముంగిలంతా బూడిదరంగులో, నున్నగా, తిరువూరులో ఏ ఇంటిముందైనా ఉండే గచ్చులాగే బిగిసిపోయింది. రాళ్ళు లోపలున్నాయి. లేవనడానికి లేదు.

"ఉలితో చెక్కితే?"

"నెల పడుద్దండి."

దత్తాత్రేయులు గారు ఒక పూట ఆలోచించారు. ఆపైన సినిమా హాలుకు బోర్డులు రాసే ఆర్టిస్టు కృపానందాన్ని పిలిపించారు. గచ్చు మీద గులకరాళ్ళు గీయాలి. ఎస్టిమేట్ ప్రకారం చదరపు అడుగుకు నూట ఇరవై రాళ్ళు.

"రంగులేం వెయ్యమంటారు సార్?"

"నీ ఇష్టం. కాకపోతే రాయి పక్కన రాయి పడి ఏ పార్టీ జెండా కూడా తయారవకూడదు." ప్రతి గజమూ ఆయనే వంగి తనిఖీ చేశారు.

కృపానందం పనిమంతుడు. కాసేపు గీసి కుంచె ఆపాడు. "నీడ వేస్తేనే రాయి తేలినట్టుంటది సార్. ఛైర్మన్ గారు పొద్దునొస్తారా, సాయంత్రమా? నీడ ఎటు పడాలి?"

ఈ ప్రశ్నకు ఆ జిల్లాలో ఎవరూ జవాబు చెప్పలేరు. "మిట్టమధ్యాహ్నం పెట్టు" అన్నారు దత్తాత్రేయులు గారు.

శుక్రవారం నాలుగింటికి వెంకటప్పయ్య గారు వచ్చారు. ముంగిలి చూసి నిలబడిపోయారు. "బెంగుళూరులో కూడా ఇంత నీటుగా లేదయ్యా!" అన్నారు. చెప్పులు విడిచి, పూల బ్రష్షు పట్టుకుని రుద్దారు. చివరగా గీసిన రాళ్ళింకా ఆరలేదు. రెండు పసుపు రాళ్ళూ ఒక ఎర్రరాయీ బ్రష్షుకు అంటుకొచ్చేశాయి.

"చూశారా, ఎంత చనువుగా వస్తున్నాయో! ఇన్నాళ్ళూ వీటిని పలకరించిన నాథుడే లేడు!"

ఫొటోలు తీశారు. రాయప్పను దూరంగా నిలబెట్టారు, చేతిలో తాపీ ఉంటే పాత పద్ధతిలా కనపడుతుందని. మేరమ్మ చప్పటి టీ తెచ్చింది. ఒక గుక్క తాగి ఛైర్మన్ గారి కళ్ళు చెమర్చాయి. "నాకు షుగరుందని అడక్కుండానే తెలుసుకున్నారు. యంత్రాంగమంటే ఇదీ!"

దత్తాత్రేయులు గారు తల వంచుకున్నారు. అణకువ అనుకున్నారంతా.

తీరా చెప్పులు తొడుక్కోబోతే ఛైర్మన్ గారి అరికాళ్ళనిండా రంగు. కడుక్కోడానికి పెరట్లో పంపు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన గులకరాళ్ళ మీద నిలబడి, ఒక కాలెత్తి, రెండోకాలి మీద నిబ్బరంగా నిలిచి, జారకుండా, శుభ్రంగా కడుక్కున్నారు. అప్పుడు కిందికి చూశారు.



"ఇదేంటి?"

రాయప్ప ఒక అడుగు ముందుకేశాడు.

"ఏంటయ్యా ఇది? పైన సిమెంటంతా కొట్టుకుపోయి రాళ్ళు తేలిపోయాయి! ఎవడు చేసిన పని? ఎంత తిన్నాడు?"

"మిగిలిన మాలుతో... మేస్త్రీ సొంతంగా చేశాడండి" అన్నారు దత్తాత్రేయులు గారు. బెంగుళూరు పని అసలు ఇదేనని ఆయనకు చూడగానే తెలిసింది. కానీ తెలిసిందని చెప్పమని ఆర్డరు లేదు.

వెంకటప్పయ్య గారు రాయప్ప భుజం మీద చెయ్యివేశారు. కోప్పడలేదు. పెద్దమనసు. "బాబూ, ముంగిట్లో చూశావుగా. పనంటే అట్లా ఉండాలి. నేర్చుకో. రేపు ప్రతిపక్షంవాళ్ళు కాళ్ళు కడుక్కోడానికొచ్చి ఇది చూస్తే నా పరువేం కావాలి? చీకటి పడేలోగా నున్నగా పూత పెట్టెయ్."

కారు వెళ్ళిపోయింది.

"విన్నావుగా" అన్నారు దత్తాత్రేయులు గారు, అతని మొహం చూడకుండా. "నేను వరండాలో కూర్చుంటా. పూత పడ్డాకే వెళతా."

"అట్టాగే సార్."

రాయప్ప గమేళాలో సిమెంటు పోసుకున్నాడు. నీళ్ళు పోశాడు. వరండా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మేరమ్మక్కా, పంచదార డబ్బాలో ఏమన్నా మిగిలిందా?"

"అడుగున ఉంది కాస్త. టీ పెట్టేదా?"

"వద్దు. డబ్బా ఇటియ్యి."

ఆమె ఇచ్చింది. డబ్బా బోర్లించి అడుగున తట్టి మరీ గమేళాలో దులపటం చూసి, వరండాకు అడ్డంగా వచ్చి నిలబడింది.

తాపీతో పూత సాఫుగా పరుచుకుంది. ఒక్కొక్క రాయే కిందికి పోయింది.

"నున్నగా వచ్చిందా రాయప్పా?" వరండాలోంచి కేక.

"అద్దంలా వచ్చిందండి!"

దత్తాత్రేయులు గారు వచ్చి వంగి చూసి, ఒక్క రాయీ కనపడటం లేదని నిర్ధారించుకుని, ఎక్స్‌పోజ్డ్ అగ్రిగేట్ పని సంతృప్తికరంగా పూర్తయినట్టు రిజిస్టరులో రాసి సంతకం చేసి, బస్సుకు వెళ్ళిపోయారు.

"టీచరు గారు సోమవారం ఎన్నింటికొస్తారన్నావురా?" అంది మేరమ్మ.

"ఏడింటికక్కా."

మేరమ్మ లోపలికెళ్ళి, ఆ పూట వాడని గిన్నెలు కూడా దించి, ఒక్కొక్కటే తోమడానికి పంపు దగ్గరికి, ఆరని పూత మీదికి మోసుకురావడం మొదలుపెట్టింది.