ఒంటి చెయ్యి, వారానికో కిలో

ఆదివారం పొద్దున్న తక్కెడకు మూడు పనులున్నాయి. సంచిలోంచి కిలో కాగితం తీయాలి. దూలం పట్టుకుని, గడ్డం దూలం దాటేదాకా ఒంటిచేత్తో లేవాలి. తర్వాత కొట్టు తలుపులు తీయాలి. భార్య టీ పెట్టేలోపు మూడూ అయిపోవాలి.

తక్కెడ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. ఇరవై ఏళ్లుగా పాత కాగితాల కొట్లో తూస్తుంటే పేటవాళ్లు పెట్టారు. తూకంలో అతణ్ణి మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదు. కొట్టు ముందు, ఇల్లు వెనక. మధ్యలో సంచులు పేర్చే గది. దానికి ఎత్తున అటక, అటక అంచున ఇనుప దూలం, దూలం పక్కనే సంచులు పైకి లాగే కప్పీ.

ఈ ఒంటిచేతి సాధనకు కారణం ఒక పిల్లి. ఆరు నెలల కిందట ఒక ఆదివారం తోడల్లుడు వచ్చాడు. అతనిది కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం. ప్రతి ఆదివారం పెళ్లాంతో సహా వస్తాడు. ఆ రోజు టీ తాగుతుంటే అటక మీద ఏదో కీచుమంది. నిచ్చెన తెస్తానని తక్కెడ లేచేలోపే అతను కుడిచేత్తో దూలం అందుకున్నాడు. ఎడమచేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. ఆ ఒక్క చేత్తోనే పైకి లేచి, అటక మీదికి తొంగిచూసి, "పిల్లి పిల్లల్ని పెట్టింది వదినా, నాలుగు" అని దిగాడు. టీ ఒలకలేదు.

"అబ్బ!" అంది తక్కెడ భార్య.

పదకొండేళ్ల కాపురంలో ఆవిడ తక్కెడను చూసి అబ్బ అన్నది ఒక్కసారే. అది అతను ఆవిడ కాలి మీద కట్ట పడేసినప్పుడు.

ఆ మాట తక్కెడ చెవిలో చీమలా దూరింది. తోడల్లుడికి తన భార్య రెండోసారి టీ పోస్తోందని అప్పుడే గమనించాడు. పంచదార కూడా ఎక్కువ వేస్తోందేమోనని, వాళ్లు వెళ్లాక అతని గ్లాసు అడుగున వేలు పెట్టి నాకి చూశాడు. ఎక్కువే.

ఆ వారమే తూకానికొచ్చిన పుస్తకాల్లో వ్యాయామం పుస్తకం ఒకటి దొరికింది. ఒంటిచేత్తో లేవడానికి అయిదు మెట్లు రాశారు. మొదట రెండు చేతులతో ఊరికే వేలాడాలి. తర్వాత రెండు చేతులతో లేచి ఒక చేత్తో నెమ్మదిగా దిగాలి. మూడోది, దూలానికి తువ్వాలు వేసి, ఒక చేత్తో దూలాన్ని, రెండో చేత్తో తువ్వాలును పట్టుకుని లేవాలి. రోజు రోజుకీ తువ్వాలు కిందికి పట్టుకోవాలి. ఈ మూడింటికీ మూడు నెలలు పట్టింది. భుజాలకు నూనె రాస్తున్నారేమిటని భార్య అడిగితే వాయువు అన్నాడు.

నాలుగోది ఎదురు బరువు. నడుముకు తాడు కట్టుకుని, కప్పీ మీదుగా వేసి, అవతలి కొసకు ఇరవై కిలోల సంచి కట్టాలి. సంచి కిందికి లాగుతుంది, మనిషి తేలికవుతాడు. వారానికో కిలో తీసేయాలి. అయిదో మెట్టున్న పేజీ ఎవరో చింపుకుపోయారు.

ఆదివారం ఆదివారం తక్కెడ కిలో కాగితం తీశాడు. కాటా మీద పెట్టి తూచి మరీ తీశాడు. సంచిలో మిగిలినదాన్ని మాత్రం తూచలేదు. తీసింది తెలిస్తే మిగిలింది తెలిసినట్టే కదా. అయిపోగానే తాడు విప్పి సంచిని మూలన పెట్టేసేవాడు.

సోమవారం పొద్దున్న సంచులన్నీ తూచడం భార్య పని. మిల్లు లారీ నాలుగు నెలలకోసారి వస్తుంది. సంచి ఇరవైకి తగ్గితే లారీవాడు ముట్టుకోడు. ప్రతి సోమవారం మూలనున్న సంచి కిలో తక్కువ ఉండేది. ఆవిడ ఆ కిలో నింపి, మూతి కట్టి, ఆలోచించేది. ఇంటికి ఆదివారం వచ్చేది ఎవరు? చెల్లెలి మొగుడు, మరిది. ఎంత ఆలోచించినా మరిదే. పైకి అనలేక తల్లి చెవిన మాత్రం వేసింది.

అలా పన్నెండు వారాలైంది. ఆ ఆదివారం తక్కెడ పన్నెండో కిలో తీసి, తన లెక్కన ఎనిమిది కిలోల సంచి అవతల కట్టి, ఒంటిచేత్తో లేచాడు. గడ్డం దూలం దాటింది. కిందికి దిగి తన చేతిని తనే ముద్దు పెట్టుకున్నాడు. ఇక ఆ ఎనిమిదీ ఒక లెక్కా అనుకుని వంటగదిలోకి వెళ్లాడు.

"మధ్యాహ్నం మీ చెల్లెల్నీ మరిదినీ రమ్మను. అత్తయ్యను కూడా."

ఆవిడ టీ వడకడుతూ ఆగిపోయింది. "మీకూ తెలిసిపోయిందా?"

"నీకెప్పుడు తెలిసింది?"

"పన్నెండు వారాలుగా చూస్తూనే ఉన్నా. ఆ సంచి సంగతే కదా?"

తక్కెడకు సిగ్గేసింది. "మరి ఒక్క మాటైనా అనలేదే!"

"ఏమని అనను? మనలో మనకే సిగ్గుచేటు. అందరి ముందూ ఎందుకండీ, పోనివ్వండి."

"ఎందుకు పోనిస్తాను? ఆరు నెలలుగా కడుపులో కుంపటి పెట్టుకుని తిరుగుతున్నా. ఇవాళ ఆయనగారి ముందే తేలిపోవాలి."

"చెయ్యి మాత్రం చేసుకోకండి, మీకు దణ్ణం పెడతా."

"ఒక్క చెయ్యి చాలే పిచ్చిదానా. రెండోది జేబులో పెట్టుకుంటా."

అతను ఈల వేసుకుంటూ కొట్టు తీయడానికి వెళ్లాడు. ఆవిడ ఫోను తీసింది. "అమ్మా, ఈయనకు తెలిసిపోయింది. మరిదిగారిని కొట్టేలా ఉన్నారు." తల్లి చిన్నకూతురికి ఫోను చేసింది. "మీ బావ మీ ఆయన్ని దొంగంటున్నాడే. ఒంటిచేత్తో చంపుతాట్ట." చిన్నకూతురు మొగుడి భుజం తట్టింది. "లేవండి. మీ అన్నయ్యగారు మన పరువు తూచి పెడతాట్ట, పోదాం."

మధ్యాహ్నానికి నలుగురూ సంచుల గదిలో నిలబడ్డారు. తక్కెడ బనీనుతో, నడుముకు తాడుతో సిద్ధంగా ఉన్నాడు. తాడు చూసి అత్తగారు రెండడుగులు వెనక్కి వేసింది. కట్టేసి కొడతాడనుకుంది.

"ఏం బావా! మా ఆయన నీ కొట్లో చిత్తుకాగితాలు దొంగిలిస్తున్నాడా?" అంది మరదలు.

తక్కెడ తెల్లబోయాడు. "నేనెప్పుడన్నాను?"

"మీరనలేదు, నేనే అన్నా" అంది భార్య, తల దించుకుని. "వారం వారం ఆ సంచిలో కిలో పోతోంది. ఆదివారం వచ్చేది మీరే కదే."

తోడల్లుడి మొహం పాలిపోయింది. స్తంభాలెక్కినా వణకని మనిషి గోడ పట్టుకున్నాడు. "వదినా! నేనా?"

తక్కెడకు సంగతి అప్పుడు అర్థమైంది. ఆ కిలో ఎవరు తీశారో లోకంలో అతనొక్కడికే తెలుసు. నోరు తెరిస్తే ఒక్క మాటతో పోయేది. తెరవలేదు. భార్య తోడల్లుణ్ణి అలా చూడటం ఆరు నెలల్లో ఇదే మొదలు. అందులో అబ్బ లేదు. ఇంకొంచెంసేపు చూడనిద్దాం అనుకుని, నాలుక కింద పటికబెల్లం పెట్టుకున్నవాడిలా నిలబడ్డాడు.

"ఊరికే నోటిమాట ఎందుకు? తూచు అక్కా" అంది మరదలు. "మేం ఇప్పుడే గుమ్మం దాటాం. కిలో తక్కువుంటే, మేం రాకముందే పోయినట్టు కదా?"

భార్య సంచిని కాటా మీదికి లాగింది. ముల్లు ఊగి ఆగింది.

"పంతొమ్మిది" అంది.

"పంతొమ్మిదేంటి! ఎనిమిది కదా ఉండాలి!" అని అరిచాడు తక్కెడ.

గదిలో అందరూ అతని వైపు తిరిగారు.

"ఎనిమిదని మీకెలా తెలుసు?" అంది భార్య.

ఇక దాచడానికి చోటు లేదు. పిల్లితో మొదలుపెట్టి, అబ్బతో సహా అంతా చెప్పాడు. పంచదార సంగతి ఒక్కటి మింగేశాడు. ఆవిడ తను ప్రతి సోమవారం కిలో నింపిన సంగతి చెప్పింది. అంటే పన్నెండు వారాలుగా తక్కెడ పంతొమ్మిది కిలోలతోనే లేస్తున్నాడు. మొదటి వారం ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు.

"సొంత కొట్లో దొంగతనం చేసి మా ఆయన మీదికి తోస్తావా బావా? అలా గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డావు కూడానూ!" అంది మరదలు.

తక్కెడ తోడల్లుడి వైపు చూడలేక సంచి వైపు చూశాడు. "తప్పయింది తమ్ముడూ. కానీ లేవగలను. ఆ ఎనిమిదితోనూ లేవగలను. చూడండి."

పదకొండు కిలోలు తీసి సంచి కట్టారు. తక్కెడ దూలం పట్టుకున్నాడు. మెడ నరాలు లేచాయి, కనుబొమలు లేచాయి, మనిషి మాత్రం లేవలేదు. దండెం మీద ఆరేసిన లాగులా అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాడు.

తోడల్లుడు జాలిగా దింపి, కాగితాలన్నీ మళ్లీ సంచిలో కుక్కాడు. "నేర్చుకోవచ్చు అన్నయ్యా, తొందరేముంది. ఆ పంతొమ్మిదీ ఉంటే మన అత్తయ్య కూడా లేస్తుందిలే."

"ఏం, లేవననుకున్నావా అల్లుడూ?" అంది అత్తగారు.

ఆవిడకు అరవై రెండేళ్లు. మనిషి ఎండుపుల్ల. ఎవరూ వద్దనేలోపే కొంగు దోపుకుని, పీట ఎక్కి, తాడు నడుముకు చుట్టుకుని, కుడిచేత్తో దూలం పట్టుకుంది. నలభై ఏళ్లు బావి నీళ్లు తోడిన చెయ్యి అది. సంచి కిందికి వచ్చింది. అత్తగారు పైకి వెళ్లింది. గడ్డం దూలం దాటాక కూడా అక్కడే ఆగి, అటకంతా ఒకసారి కలియజూసింది.

"ఇంత దుమ్మేంటే ఇక్కడ! ఎన్నాళ్లయిందే ఊడ్చి?"

"అబ్బ!" అంది తక్కెడ భార్య.

తోడల్లుడు చప్పట్లు కొట్టాడు. మరదలు కోపం మరిచిపోయి వాళ్లమ్మను ఎత్తుకుని దింపింది. ఆ పూట అత్తగారికి రెండుసార్లు టీ పోశారు. తక్కెడ ఆ గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు కాగితాలు అమ్మడానికి ఎవరొచ్చినా, ఎవరూ అడక్కపోయినా, తక్కెడ తూకం వేస్తూ ఒక మాట చెబుతాడు: "మా అత్తయ్య మొత్తం బరువు ముప్పై ఎనిమిది కిలోలేనండీ."